ఫోన్ కలిసింది, ఇల్లు దొరకలేదు

పోయినేడు వానాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక మా పెద్దనాన్నకి ఛాతీలో నొప్పి మొదలైంది. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. అన్నయ్య అంబులెన్సుకి ఫోన్ చేస్తే వెంటనే కలిసింది, అవతల మాట్లాడినావిడ అడిగిన మొదటి మాటే "ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ?" అని. అన్నయ్య కాలనీ పేరు, ఇంటి నంబరు గడగడా చెప్పేశాడు. తొమ్మిది నిమిషాల్లో సైరన్ వినిపించింది, మా అందరి ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఆ సైరన్ దగ్గరికొచ్చినట్టే వచ్చి దూరమైపోయింది. మళ్లీ దగ్గరికొచ్చింది, మళ్లీ వెనక వీధిలోకి వెళ్లిపోయింది. ఇలా పన్నెండు నిమిషాలు. చివరికి నేను చెప్పులైనా వేసుకోకుండా మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి, రేషన్ షాపు ముందు నిలబడి సెల్‌ఫోన్ టార్చి ఊపితే అప్పుడు బండి మా సందులోకి తిరిగింది.

పెద్దనాన్న బతికారు, ఇప్పుడు పొద్దున్నే వాకింగ్‌కి కూడా వెళ్తున్నారు. ఆ డ్రైవర్ని తప్పుపట్టడానికి లేదు. అతను మేం చెప్పిన కాలనీకే వచ్చాడు, చెప్పిన నంబరు కోసమే వెతికాడు. ఉప్పల్ అవతల మా వైపు అదే పేరుతో ఇంకో రెండు కాలనీలున్నాయి, పైగా మా వీధిలో 60వ నంబరు పక్కన 61 ఉండదు. ఆ పన్నెండు నిమిషాలు మాత్రం నన్ను వదల్లేదు, అప్పట్నుంచీ ఈ ఎమర్జెన్సీ కాల్స్ లోపల ఏం జరుగుతుందో దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఇదీ: ఫోన్ కలపడం ఈ పనిలో సులువైన ముక్క. "ఎక్కడ?" అన్నదానికి జవాబు కూడా ఆ ఫోన్‌తో పాటే అవతలికి చేరాలి, అక్కడే ఉంది కష్టమంతా. డిజిటల్ నెట్‌వర్కులు, మ్యాపులు అంటూ దేశదేశాల్లో ఇప్పుడు జరుగుతున్న మార్పంతా ఆ ఒక్క జవాబు కోసమే.

ల్యాండ్‌లైన్ రోజుల్లో ఈ బాధ లేదు. తీగ ఒక ఇంట్లోంచి బయల్దేరి ఎక్స్ఛేంజికి వెళ్తుంది, ఏ నంబరు ఎవరింట్లో ఉందో టెలిఫోన్ ఆఫీసు రిజిస్టర్లో రాసి ఉంటుంది, ఆ తీగ కొస పట్టుకుంటే ఇల్లు దొరికినట్టే. లండన్‌లో 999 అనే ఎమర్జెన్సీ నంబరు మొదలైంది 1937లో, అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కి మొట్టమొదటి కాల్ వెళ్లింది 1968 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో. ఆ తర్వాత అమెరికా వాళ్లు ఫోన్ నంబరు చూడగానే ఆపరేటర్ ముందు అడ్రస్ కనబడేలా పెద్ద పెద్ద డేటాబేసులు కట్టుకున్నారు. ఇదంతా నిలబడింది ఒకే ఒక్క నమ్మకం మీద: నంబరంటే ఒక చోటు. జేబులో పెట్టుకుని తిరిగే ఫోన్ వచ్చి ఆ నమ్మకాన్ని కూల్చేసింది. సిమ్ తీసుకున్నప్పుడు నేనిచ్చిన అడ్రస్ మా అమ్మమ్మగారి ఊరిది, ఆ రాత్రి నేనే ఫోన్ చేసి ఉంటే ఆ రికార్డుని నమ్ముకున్న బండి ఖమ్మం జిల్లాకి పోవాల్సి వచ్చేది.

మన దగ్గర కథ కొంచెం వేరుగా నడిచింది. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచే మొదలైంది, అప్పటికే చాలామంది చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చేస్తున్నాయి. అంటే అడ్రస్ రిజిస్టర్ అనే ఆసరా మనకి పెద్దగా లేకుండానే, కాల్ తీసుకున్న మనిషి అడిగి తెలుసుకోవడం మీదే మన వ్యవస్థంతా ఆధారపడింది. "గుడి ఎడమ పక్కనా, కుడి పక్కనా?", "వాటర్ ట్యాంకు కనబడుతోందా?" అని వాళ్లు ఓపిగ్గా అడుగుతారు. 108లో బండి నడిపేవాళ్లని పైలట్ అంటారు, వెనక పేషెంటు పక్కన కూర్చుని చూసుకునేది ఈఎంటీ. దారి దొరక్కపోతే పైలట్ మళ్లీ మనకే ఫోన్ చేస్తాడు. ఇన్నేళ్లుగా ఇది పనిచేస్తోందంటే ఆ మనుషుల నేర్పే కారణం. నేర్పున్న మనుషులున్నారు కదా అని వాళ్లని చీకట్లో వెతకమనడం మాత్రం న్యాయం కాదు.

తర్వాత 112 వచ్చింది. పోలీసు, ఫైర్, అంబులెన్సు అన్నిటికీ ఒకటే నంబరు, 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో మొదలై, 2019 ఫిబ్రవరిలో తెలంగాణతో పాటు చాలా రాష్ట్రాలకొచ్చింది. దీనికి ముందే, 2016లో, ప్రతి సెల్‌ఫోన్‌లో పానిక్ బటన్, జీపీఎస్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. స్మార్ట్‌ఫోన్ అయితే పవర్ బటన్ మూడుసార్లు వెంటవెంటనే నొక్కడం, మామూలు ఫోన్ అయితే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవడం. ఒకే నంబరు కావడం వల్ల "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అనే మాట ఫోన్ దగ్గర వినిపించకూడదు, అది పెద్ద లాభం.

సరే, నంబరు ఒకటైంది. చోటు ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా పాత పద్ధతి టవర్. ఫోన్ ఏ టవరు పట్టుకుందో కంపెనీకి తెలుసు, ఆ టవరు ఏ దిక్కున్న యాంటెన్నాతో మాట్లాడుతోందో కూడా తెలుసు, మామూలుగా ఒక్కో టవరుకి మూడు దిక్కులుగా మూడు ముక్కలుంటాయి. దాన్నిబట్టి "ఈ ముక్కలో ఎక్కడో ఉన్నారు" అని చెప్పొచ్చు, అంతే. ఊళ్లలో ఆ ముక్క కిలోమీటర్ల మేర ఉంటుంది. సిటీలో కొన్ని వందల మీటర్లు. వినడానికి తక్కువే అనిపిస్తుంది, ఒకసారి బేగంబజార్‌లో మూడొందల మీటర్ల వృత్తం గీసి చూడండి, అందులో ఎన్ని సందులు, ఎన్ని మేడలు, ఎన్ని గోడౌన్లు! ఇంకో చిక్కు: ఫోన్ ఎప్పుడూ దగ్గరి టవర్నే పట్టుకోదు, సిగ్నల్ ఏది బాగుంటే దాన్ని పట్టుకుంటుంది. గచ్చిబౌలిలో ఇరవయ్యో అంతస్తులో ఉన్నవాళ్ల ఫోన్‌కి దూరంగా ఉన్న టవర్లు కూడా చక్కగా కనబడతాయి.

దీనికన్నా చాలా మెరుగైన పద్ధతి ఇప్పటికే మన జేబుల్లో ఉంది. టిఫిన్ తెచ్చే కుర్రాడికి మన గేటు చూపించే ఫోనే కదా, ఆ సమాచారం అంబులెన్సుకి ఎందుకు ఇవ్వకూడదు? ఈ ఆలోచనతో బ్రిటన్‌లో 2014లో మొదలైంది ఏఎంఎల్, అంటే అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్. మీరు ఎమర్జెన్సీ నంబరు నొక్కగానే ఫోన్ దాన్ని గుర్తుపడుతుంది, లొకేషన్ ఆపేసి ఉన్నా తనంతట తనే ఆన్ చేసుకుంటుంది, జీపీఎస్, చుట్టుపక్కల వైఫై, టవర్లు అన్నీ కలిపి లెక్కేసి, దాదాపు ఇరవై సెకన్లలో ఒక ఎసెమ్మెస్‌గానో డేటాగానో పంపేస్తుంది. మీరు మాట్లాడుతూనే ఉంటారు, ఏ యాప్ తెరవనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయాన్ని ఈఎల్ఎస్ అనే పేరుతో 2016లో తెచ్చారు, ఐఫోన్లలో 2018లో వచ్చింది. మన దేశంలో ఆండ్రాయిడ్ ఈఎల్ఎస్‌ని 112తో మొదట కలిపిన రాష్ట్రం ఉత్తరప్రదేశ్, 2025 డిసెంబరులో.

ఫోన్‌లో ఉంటే చాలదా, రాష్ట్రం కలపడమేంటి అని నాకూ మొదట అర్థం కాలేదు. ఫోన్ పంపింది అందుకోవడానికి అవతల ఎవరో ఒకరు ఉండాలి. కాల్ సెంటర్ కంప్యూటర్‌లో ఆ సమాచారం దిగాలి, సరిగ్గా ఆ కాల్‌కే జతపడాలి, ఆపరేటర్ మాట్లాడుతున్న స్క్రీన్ మీదే చుక్కగా కనబడాలి. ఆ చుక్క చుట్టూ ఒక వృత్తం కూడా రావాలి. ఈ వృత్తం చాలా ముఖ్యం, ఎందుకంటే ఫోన్ ఎప్పుడూ "ఇక్కడే ఉన్నాను" అనదు, "ఇక్కడికి ఇన్ని మీటర్ల లోపు ఎక్కడో ఉన్నాను" అంటుంది. పది మీటర్ల వృత్తమైతే నేరుగా తలుపు తట్టొచ్చు, నాలుగొందల మీటర్లయితే "అమ్మా, చుట్టూ ఏం కనబడుతోంది?" అని అడిగి తీరాలి. వృత్తం చూపించకుండా చుక్క ఒక్కటే చూపిస్తే కొత్తగా చేరిన ఆపరేటర్ ఆ చుక్కనే నమ్మేసే ప్రమాదముంది, అది ఏ చుక్కా లేకపోవడం కన్నా చెడ్డది.

ఇక అసలు నెట్‌వర్క్ సంగతి. పాత టెలిఫోన్ నెట్‌వర్క్ గొంతుని మోయడానికి కట్టింది, గొంతుతో పాటు ఇంకేదీ మోయలేదు. చోటు తెలియాలంటే ఇంకో దారిలో ఇంకో కంప్యూటర్‌ని అడగాలి. ఉత్తరం ఒక చేత్తో, దాని అడ్రస్ ఇంకెవరో ఇంకో చేత్తో తెచ్చిచ్చినట్టు. కొత్త తరం వ్యవస్థలో కాల్ ఇంటర్నెట్ పద్ధతిలో పొట్లాలుగా వెళ్తుంది, చోటు కవరు మీదే రాసి ఉంటుంది. గొంతుతో పాటు మెసేజి, ఫోటో, వీడియో కూడా అదే దారిలో రావొచ్చు. మాట్లాడలేని, వినలేని వాళ్లకి ఇదెంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు. తలుపు అవతల మనిషి ఉన్నాడని గొంతు విప్పలేని ఆడపిల్లకి కూడా.

ఈ వ్యవస్థలో నన్ను కట్టిపడేసిన భాగం ఒకటుంది. కాల్ ఏ సెంటర్‌కి వెళ్లాలో పాత రోజుల్లో ఏ ఎక్స్ఛేంజి తీగో చూసి తేల్చేవాళ్లు. కొత్త పద్ధతిలో మ్యాప్ తేలుస్తుంది. కవరు మీదున్న చోటు తీసుకుని నెట్‌వర్క్ ఒక సర్వర్ని అడుగుతుంది, "ఈ బిందువు దగ్గర పోలీసు కావాలి, ఎవరికి పంపను?" అని. దీనికి లోస్ట్ అనే ప్రోటోకాల్, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, ఉంది, 2008లో ప్రమాణంగా వెలువడింది. సర్వర్ తన దగ్గరున్న సరిహద్దు గీతల్లో ఈ బిందువు ఎందులో పడిందో చూసి జవాబిస్తుంది. అంటే మ్యాపే ఎక్స్ఛేంజి అయిపోయింది! మ్యాప్ గీసే మనిషి చేతిలో పెన్ను జారితే కాల్ జారిపోతుంది. ఒక స్టేషన్ వాళ్లు తమ హద్దుని రోడ్డు ఎడమ అంచు వెంబడి గీశారనుకోండి, అవతలి స్టేషన్ వాళ్లు కుడి అంచు వెంబడి గీశారనుకోండి. రెండూ చూడ్డానికి తప్పులు కావు. కానీ రోడ్డు మధ్య ఎవరిదీ కాదు, యాక్సిడెంట్లు జరిగేది ఆ రోడ్డు మధ్యనే. ఇలాంటి ఖాళీలు, ఒకదాని మీదికొకటి ఎక్కిన గీతలు వెతికి సరిచేయడమే ఈ పనిలో ఏళ్లు పట్టే భాగం, బయటికి కనబడని భాగం కూడా.

ఇప్పుడు మన ఊరి మ్యాప్ దగ్గరికొద్దాం. నా మనసంతా ఇక్కడే ఉంది.

హైదరాబాద్ ఇంటి నంబరు ఒకటి తీసుకోండి, 4-7-18/6/బి అనుకుందాం. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు, ఇంతవరకు చక్కటి పద్ధతే. ఆ తర్వాత వచ్చే బైలు చూడండి. పెద్ద స్థలం అన్నదమ్ములు పంచుకుంటే ఒక బై, అందులో ఒకరు అమ్ముకుంటే ఇంకో బై, పైన వాటా కడితే చివర ఒక అక్షరం. నంబరు వీధి వరసలో పుట్టదు, కట్టిన వరసలో, పన్ను వేసిన వరసలో పుడుతుంది. అందుకే 18/6 పక్కింటికి 231 ఉంటుంది. శివార్లలో ఇంకా కష్టం, గేటు మీద ప్లాటు నంబరు, పన్ను రసీదు మీద మున్సిపల్ నంబరు, రిజిస్ట్రేషన్ కాగితాల్లో సర్వే నంబరు, మూడూ వేరు. కంగారులో ఉన్న మనిషి నోటికి ఏది ముందొస్తే అది చెప్తాడు. ఆ రాత్రి అన్నయ్య చెప్పింది ప్లాటు నంబరు, పైలట్ వెతికింది మున్సిపల్ నంబరు.

అందుకే మనవాళ్లు నంబర్ని ఎప్పుడో వదిలేసి గుర్తుల మీద బతుకుతున్నారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద షాపుల బోర్డులు చూడండి, అందరి అడ్రసూ ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా అనే ఉంటుంది. మెట్రో పిల్లర్లు వచ్చాక అక్కడా అంతే. నాకు ఇది ఎంతో తెలివైన అలవాటు అనిపిస్తుంది. పిల్లర్లు వరసలో ఉంటాయి, రాత్రి కూడా కనబడతాయి, ఎవరూ తీసేయరు. బండ్లని పంపే డిస్పాచ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పిల్లర్ నంబర్లు, గుళ్లు, మసీదులు, పాత సినిమా హాళ్ల పేర్లు, జనం నిజంగా పలికే పేర్లతో సహా ఎక్కి ఉండాలి. హాలు పడగొట్టి పదేళ్లయినా ఆ స్టాపుని ఆ హాలు పేరుతోనే పిలుస్తాం కదా, మరి మ్యాప్ కూడా అలాగే పిలవాలి.

అదే ఎక్స్‌ప్రెస్‌వే ఇంకో సమస్య చూపిస్తుంది. దాని పొడవు 11.6 కిలోమీటర్లు, పైన ఒక రోడ్డు, కింద ఒక రోడ్డు. పైన బండి గుద్దుకుంటే జీపీఎస్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు కింద రోడ్డువి కూడా అవే. చుక్క చూసి కింద రోడ్డు మీదొచ్చిన అంబులెన్సు పైకెక్కాలంటే ర్యాంపు దాకా వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదా ఇంతే, మొత్తం 158 కిలోమీటర్లు, పక్కన సర్వీసు రోడ్డు చేతికందే దూరంలో కనబడుతుంది కానీ ఎక్కాలంటే ఇంటర్‌ఛేంజి దాకా పోవాలి. కాబట్టి ఎత్తు కూడా కావాలి. అమెరికాలో ఎత్తు విషయంలో 3 మీటర్ల తేడాలోపు, 80 శాతం కాల్స్‌కి కచ్చితంగా చెప్పాలని నియమం పెట్టారు, అంటే ఇంచుమించు ఏ అంతస్తో తెలిసేటంత. కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడిని కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది, దాని సాయంతో ఈ లెక్క కడతారు. కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్లని చూస్తుంటే మనకీ ఇది త్వరగా కావాలనిపిస్తుంది.

దగ్గరి బండి ఏదో తేల్చడం కూడా మ్యాప్ పనే. గీత గీస్తే ఎనిమిదొందల మీటర్లలో ఉన్న అంబులెన్సు, మధ్యలో రైలు పట్టాలో మూసీనో ఉంటే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు కావొచ్చు. మన జంక్షన్లు మూసేసి యూటర్నులు పెట్టారు, డివైడర్లు పెరిగాయి, ఎక్కడో ఒకచోట రోడ్డు తవ్వుతూనే ఉంటారు. నిన్నటి మ్యాప్ ఈ రోజుకి పనికిరాదు, మార్చిన రోజే మ్యాప్‌లోకి ఎక్కాలి.

బాధేంటంటే మ్యాపుల విషయంలో ఈ ఊరికి తెలియనిదేం లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, 1910ల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ని సందు సందూ కొలిచి ఇళ్లతో సహా మ్యాపులు గీశారు, చరిత్ర పరిశోధకులు ఇప్పటికీ వాటిని తీసి చూస్తారు. మా ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, దేశానికి ఉపగ్రహ చిత్రాలందించేది అదే. 2025 మేలో తపాలా శాఖ విడుదల చేసిన డిజిపిన్‌ని తయారు చేయడంలో ఐఐటీ హైదరాబాద్, ఎన్ఆర్ఎస్‌సీ రెండూ ఉన్నాయి. డిజిపిన్ అంటే దేశాన్నంతా దాదాపు 4 మీటర్ల గళ్లుగా చేసి ఒక్కో గడికి పది అక్షరాల, అంకెల కోడ్ ఇవ్వడం. పేర్లు మారినా, కాలనీలు కలిసినా ఆ కోడ్ మారదు, ఇంటర్నెట్ లేకపోయినా లెక్కగట్టొచ్చు. అంతస్తు మాత్రం దానికి తెలియదు, గుండె నొప్పితో ఉన్న మనిషి దాన్ని గుర్తుంచుకుని చదవలేడు కూడా, కాబట్టి అది గోడ మీద రాసి ఉండాలి. జీహెచ్ఎంసీ కూడా 2024లో డ్రోన్లతో, ఇంటింటికీ తిరిగి జీఐఎస్ సర్వే, అంటే ఇళ్లని మ్యాప్ మీద నమోదు చేసే సర్వే, మొదలుపెట్టింది. ఆ సర్వేని పన్ను వసూళ్లకే వాడి ఊరుకోకుండా 112 స్క్రీన్ దాకా తీసుకెళ్లాలని నా కోరిక.

నాకింకో ఆలోచన కూడా ఉంది. ప్రతి నెలా ప్రతి ఇంటి మీటరు ముందు నిలబడే మనిషి ఒకరున్నారు, కరెంటు బిల్లు తీసే ఆయన. ప్రతి కనెక్షన్‌కీ బిల్లు మీద యూఎస్‌సీ నంబరు ఉంటుంది, ఇంట్లో ఎవరినడిగినా ఆ బిల్లు ఎక్కడుందో చెప్తారు. మీటరు దగ్గర నిలబడ్డప్పుడే ఆ చోటు నమోదై, 112లో యూఎస్‌సీ నంబరు చెప్తే చుక్క పడేలా ఉంటే, జీపీఎస్ అందని లోపలి గదుల్లో ఉన్నవాళ్లకి అదొక ఆధారం.

డిజిటల్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2014 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక రాత్రి ఏడు రాష్ట్రాల్లో 911 కాల్స్ ఆగిపోయాయి, కోటీ పది లక్షల మంది ఉండే ప్రాంతాల్లో, దాదాపు ఆరు గంటలపాటు. తుఫాను లేదు, భూకంపం లేదు. కొలరాడోలో ఒక కంప్యూటర్‌లో కాల్స్‌కి వరస నంబర్లిచ్చే లెక్కకి ఎవరో ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు, ఆ రాత్రి లెక్క ఆ అంకెని తాకింది, ఇక కొత్త కాల్స్‌కి నంబరివ్వడం మానేసింది. 6,600కి పైగా కాల్స్ ఎవరికీ అందలేదు. పాతకాలంలో ఒక ఎక్స్ఛేంజి పాడైతే ఒక ఊరికే నష్టం, అన్నీ ఒకచోటికి చేర్చాక ఒక్క తప్పు ఏడు రాష్ట్రాలని ముంచింది. కాబట్టి రెండు సెంటర్లు, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దారుల్లో ఫైబర్, ఒకటి పడిపోతే ఇంకోటి తనంతట తనే అందుకోవాలి, అది నిజంగా అందుకుంటుందో లేదో అప్పుడప్పుడు కావాలనే ఒకటి ఆపి చూడాలి. కరెంటు సంగతి కూడా ఉంది: పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది, ఇప్పటి ఫైబర్ ఫోన్ ఇంట్లో కరెంటు పోతే పోయినట్టే. టవర్ బ్యాటరీలు కొన్ని గంటలే ఆదుకుంటాయి. 2020 అక్టోబరు వానల్లాంటివి మళ్లీ వచ్చినప్పుడు, ఎక్కువ కాల్స్ వచ్చే గంటలూ కరెంటు లేని గంటలూ ఒకటే అవుతాయి.

లొకేషన్ ఇవ్వడమంటే భయపడేవాళ్లున్నారు, ఆ భయం సబబే. ఎమర్జెన్సీ నంబరు నొక్కినప్పుడే వెళ్లాలి, ఆ పనికే వాడాలి, ఎన్నాళ్లు దాచుతారో రాసి ఉండాలి. ఇవి చట్టంలో ఉంటేనే జనం నమ్మి ఫోన్ చేస్తారు.

ఇవన్నీ వచ్చేదాకా ఆగలేక మా ఇంట్లో కొన్ని పనులు చేసుకున్నాం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించాం, పెద్ద అక్షరాల్లో: కాలనీ పేరు, ఏ మెయిన్ రోడ్డు మీంచి ఏ షాపు దగ్గర తిరగాలి, ఎడమ చేతి వైపు ఎన్నో ఇల్లు, మున్సిపల్ నంబరు, ప్లాటు నంబరు, డిజిపిన్. ఫోన్ చేసేవాళ్లు అది చూసి చదవాలి, ఇంకొకరు వెంటనే మెయిన్ రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి. ఆన్‌లైన్ మ్యాప్‌లో మా వీధి పేరు తప్పుగా ఉంటే సరిచేయమని పంపాను, కొన్ని రోజులకి మారింది. కాలనీ అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి మూల మీద గోడకి పసుపు రంగు వేయించి, లోపల ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్నాయో బాణం గుర్తుతో రాయించాం. పెయింటరు రెండు వందలు అడిగాడు, పెద్దనాన్న తనే ఇచ్చారు.

పోయిన వారం గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కొత్తవాడు వచ్చాడు. ఫోన్ చేయకుండానే నేరుగా మా గేటు ముందు బండి ఆపి బెల్లు కొట్టాడు.